రక్తం కింద వత్తు

ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆంటో వర్షిణిని అడిగిన ఆఖరి ప్రశ్న, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని. తెలుగు అని ఆమె చెప్పింది. అందులో అబద్ధం లేదు. చెన్నై సౌకార్‌పేటలో వాళ్ళ కుటుంబం నాలుగు తరాలుగా ఉంటోంది. మధ్యమధ్య అరవం కలిసినా ఇంట్లో మాటలన్నీ తెలుగే. అయితే బడిలో ఆమె నేర్చుకున్నది తమిళం, ఇంగ్లీషు. తెలుగులో తన పేరు తప్ప మరో ముక్క చదవలేదు. ఆంటో ఆ సంగతి అడగలేదు, ఆమె చెప్పలేదు.

నుంగంబాకంలో ఒక మేడ మూడో అంతస్తులో ఉండేది ఆ ఆఫీసు. పద్నాలుగు మంది కలిసి బయటి సంస్థలకు వెబ్‌సైట్లు, ఫోన్ యాప్‌లు చేసిపెట్టేవాళ్ళు. అందరికీ పైవాడు ఆంటో, నాగర్‌కోయిల్ మనిషి. వర్షిణిది డిజైన్ పని. ఏ బటన్ ఎక్కడుండాలి, అక్షరం ఎంతుండాలి, కంటికి ముందు ఏది కనపడాలి, అన్నీ ఆమె తేల్చేది. ఆమె గీసినదాన్ని కోడ్ రాసి నడిపించేవాడు కేదార్. అతను ఒంగోలు నుంచి వచ్చి మూడేళ్ళయింది.

ఆ ఏడాది వాళ్ళకు ఒక పరీక్షల ల్యాబు యాప్ పని వచ్చింది. ఆ ల్యాబుకు చెన్నైలోనే కాక నెల్లూరులో, తిరుపతిలో కూడా శాఖలున్నాయి. ఇంటికొచ్చి రక్తం తీసుకుపోవడం, రిపోర్టు ఫోనుకే పంపడం, అంతా ఆ యాప్‌లోనే జరగాలి. ఇంగ్లీషు, తమిళం, తెలుగు, మూడు భాషలూ కావాలన్నారు. ఆఫీసులో అప్పటిదాకా ఉన్న పద్ధతేమిటంటే, ముందు ఇంగ్లీషులో తెర తయారుచేసి, అది బాగుందనుకున్నాక మిగతా భాషల మాటలు తెచ్చి ఆ గళ్ళలోనే పోసెయ్యడం. తమిళం పోస్తే చక్కగా అమిరింది. తర్వాత తెలుగు పోశారు. పూర్తయిన ప్రతి తెరకూ ఒక పట్టికలో ‘తెలుగు చూసినవారు’ అనే వరస ఉండేది. దానికెదురుగా రెండు పేర్లు, కేదార్, వర్షిణి. మొదటిసారి టిక్కు పెట్టేటప్పుడు ఆమె చెయ్యి ఆగింది. కేదార్ చదివాడు కదా అనుకుని పెట్టేసింది. ఆ తర్వాత ఆగలేదు.

అలాగని చూడకుండా పెట్టేదీ కాదు. అనువాదం చేసినాయన పంపిన మాటలన్నీ అచ్చు తీసి పక్కన పెట్టుకునేది. ముగ్గులో గీతలు సరిచూసుకున్నట్టు, కాగితం మీది ఆకారాన్నీ తెర మీది ఆకారాన్నీ ఒక్కొక్కటే పోల్చుకునేది. తన కొత్త ఫోన్లో అన్నీ సరిపోయేవి.

యాప్ విడుదలకు ఆరు రోజులుందనగా, ఆఫీసు బీరువాలోంచి ఒక పాత చిన్న ఫోను తీసింది. వయసైనవాళ్ళు పెట్టుకునేలా అక్షరాల సైజు బాగా పెంచి, తెలుగు తెరలన్నీ మళ్ళీ మొదటినుంచీ చూడసాగింది. నాలుగో తెర దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. తెర పైన పట్టీలో శీర్షిక, దాని కింద పరీక్షల పేర్ల జాబితా. కాగితంలో శీర్షికలోని రెండో ఆకారం కింద చిన్న కొక్కెం లాంటిది వేలాడుతోంది. ఫోన్లో అది లేదు. అక్షరం కింద బోసిగా, కత్తిరించినట్టుంది.

ఫోను తీసుకెళ్ళి కేదార్‌కి చూపించింది. అతను తల ఎత్తి ఒకసారి చూసి, “రకం. కరెక్టే కదా, ఏ రకం పరీక్షో ఎంచుకోమని,” అని మళ్ళీ పనిలో పడ్డాడు.

తెలుగు చదవగలిగినవాడు అంత ధీమాగా చెప్పాక ఆమె ఏమనగలదు. వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆ మధ్యాహ్నమంతా మరో పని చేయబోయి, ప్రతిసారీ ఆ కాగితాన్నే తీసి చూసింది. కొక్కెం ఉంది. ఫోన్లో లేదు. ఆ రెండూ ఒకటే మాట ఎలా అవుతాయి?

మర్నాడు మంగళవారం. వారం వారం జరిగే సమావేశంలో ఆంటో ఒక్కో పనీ అడుగుతూ తెలుగు దగ్గరికొచ్చాడు. అంతా అయిపోయిందని కేదార్ చెప్పాడు. ఆంటో ముందుకు వెళ్ళబోతుంటే, కాలేదని వర్షిణి అంది. నాలుగో తెరలో ఏదో తెగిపోయిందని చెప్పింది. నిన్ననే చూశానని, అందులో తప్పేమీ లేదని కేదార్ విసుక్కున్నాడు. ఆమె కాగితం బల్ల మీద పెట్టింది.

అతను ఆ కాగితాన్ని చూడకుండానే ఆమె వైపు తిప్పాడు. “సరే, నువ్వే చదువు. అందులో ఏముందో, ఫోన్లో ఏముందో చదివి చెప్పు.”

గదిలో తొమ్మిది మంది ఉన్నారు. ఇప్పుడైనా వర్షిణి, నేను పొరబడ్డానేమో అంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆమె కాగితం మీద వేలు పెట్టి అంది.

“నాకు చదవను రాదు కేదార్. తెలుగు మాట్లాడతాను, అంతే దా. ఈడ కింద ఒకటి ఉండాది చూడు. ఆడ లేదు. నేను చదివి చెప్పలా, బొమ్మ చూసి చెప్పినా.”

కేదార్ అప్పుడు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి చదివాడు. ఫోను అందుకుని దాని పక్కన పెట్టి మళ్ళీ చదివాడు. అతని ముఖంలో విసుగు పోయింది. “రక్తం,” అన్నాడు మెల్లిగా. “ఇది రక్తం. వత్తు తెగిపోయి రకం అయింది. అదీ మాటేగా, అందుకే నాకు తేడా కనపడలా.”

అతనే గబగబా మిగతా తెరలు తీశాడు. ఆ పట్టీ ఎత్తు కోడ్‌లో ఇంతేనని బిగించి ఉంది. అక్షరం పెరిగితే కిందిభాగం తెగిపోతుంది. తమిళంలో వత్తులు లేవు కాబట్టి పోయేదేమీ కనపడలేదు. తెలుగులో మాటే మారిపోతోంది. అన్నిటికన్నా ఘోరమైంది రిపోర్టు తెర. అదే పట్టీలో మనిషి పేరు పడుతుంది. పరీక్ష కోసం పెట్టిన సుబ్బన్న సుబన అయ్యాడు, చెంగమ్మ చెంగమ అయింది.

వర్షిణి తన టిక్కుల సంగతి కూడా అప్పుడే చెప్పేసింది. చదవకుండానే పెట్టానని, తప్పేనని. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగానే గాని చదువుతారా అని అడగలేదని, ఆ తప్పులో సగం తనదని ఆంటో తమిళంలో అన్నాడు. తర్వాత ల్యాబు వాళ్ళకు ఫోన్ చేసి వారం గడువు అడిగాడు. వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఫొటో పంపితే, పావుగంటలో సరేనన్నారు.

ఆ వారం ఆఫీసులో పద్ధతే మారిపోయింది. కేదార్ బిగించిన ఎత్తులన్నీ తీసేసి, అక్షరాన్ని బట్టి గడి పెరిగేలా కోడ్ తిరగరాశాడు. ఇక ముందు ఏ తెరైనా ఇంగ్లీషుతో కాదు, అన్నిటికంటే లోతైన అక్షరాలతో మొదలుపెట్టాలని వర్షిణి అడిగింది. ఆ అక్షరాలేవో తెలుసుకోవడానికి జార్జి టౌన్ బడిలో తెలుగు టీచరుగా చేసి రిటైరైన తన నాయనమ్మ వరదలక్ష్మి దగ్గర కూర్చుంది. బాగా కిందికి దిగే మాటలు చెప్పమంటే ఆమె నవ్వింది. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినా, తెలుగును లోతు కొలిచి అడిగినవాళ్ళు ఎవరూ లేరంది. స్త్రీ, రాష్ట్రం, వస్త్రం, జ్యోత్స్న అని చెబుతూ పోయింది. ఒక్కో మాట పలకమీద పెద్దగా రాస్తుంటే వర్షిణి పక్కనే నోటుబుక్కులో దించుకుంది. నలభై మాటలయ్యాయి. ఆ జాబితాకు ఆఫీసులో ‘వర్షిణి లిస్టు’ అని పేరు పడింది. పట్టికలో ఒకే వరస పోయి రెండొచ్చాయి, చదివినవారు, ఆకారం చూసినవారు. రెండోదాంట్లో ఆమె ఒక్కతే.

గడువు ముగిసే ముందు రోజు కేదార్, వర్షిణి రైల్లో నెల్లూరు వెళ్ళారు. ల్యాబు శాఖలో వరసలో కూర్చున్నవాళ్ళ చేతికి ఫోనిచ్చి, ఏమీ చెప్పకుండా చూడడం వాళ్ళ పని. మొదట ఒక ముసలాయన పట్టుకుని మొత్తం ఆగకుండా చదివేశాడు. తర్వాత పొన్నమ్మ అనే ఆమె, అరవయ్యేళ్ళుంటాయి, షుగర్ పరీక్షకు వచ్చింది. ఫోనును ముఖానికి దూరంగా పట్టుకుని, వేలితో అక్షరం అక్షరం కూడబలుక్కుంది. తన పేరు తనే టైపు చేసి, పైన పడిన పేరును రెండుసార్లు చదువుకుంది. రెండు వత్తులూ నిండుగా, కుదురుగా ఉన్నాయి.

“నా పేరు శానా బాగుండాదే. ఎవురు జేసింది ఇది?” అంది.

కేదార్ పక్కకు జరిగి వర్షిణిని చూపించాడు.

“నేనే అమ్మా,” అంది వర్షిణి.

పొన్నమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. ఫోను తిరిగి ఇవ్వకుండా పక్క కుర్చీలో ఉన్నావిడ ముందు పెట్టి, ఈ పిల్లే చేసిందంట, చూడు అని చెప్పింది. ఆ రెండో ఆవిడ సంచిలోంచి కళ్ళద్దాలు తీసుకుని పెట్టుకునేదాకా, వర్షిణి వాళ్ళ ముందు చేతులు కట్టుకుని, నవ్వు ఆపుకోలేక అలాగే నిలబడి ఉంది.