గంధకం చుట్టూ జాగ

ఖాదర్ చీపురుపుల్ల కొసను నోట్లో తడిపి, పసుపురంగు మట్టి ఉండలోకి మెల్లగా గుచ్చాడు. పుల్ల బిగిసింది. దాని చివర ఆకుపచ్చ చిన్న ఉండను తొడిగాడు. యాభై దాటిన మనిషి. తొర్రూరు జూనియర్ కాలేజీలో ల్యాబ్ అటెండర్. వేళ్ల నిండా ఆమ్లం మచ్చలు. సకల జనుల సమ్మెతో కాలేజీకి తాళం పడ్డా అతని పని ఆగలేదు, పాఠాలు రోడ్డెక్కాయి మరి.

"ఖాలూ, చాయ్ సల్లగైతున్నది," లోపలి నుంచి హుమేరా కేకేసింది.

పెద్దనాన్నా అనే ఆ పిలుపుతోనే ఖాదర్‌కు సగం కడుపు నిండుతుంది. హుమేరా అతని భార్య షహనాజ్ చెల్లెలి కూతురు. పిల్లల్లేని ఆ ఇంటికి పాలు మరిచిన నాడే వచ్చింది. నిరుడు షహనాజ్ పోయింది. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే తండ్రి అఫ్జల్, దసరాకు వచ్చి పిల్లను తీసుకుపోతానని కబురు పెట్టాడు. ఇంతలో సమ్మె వచ్చి బస్సులు ఆగిపోయాయి.

తెలంగాణ రావాలని ఖాదర్ రోజూ గొంతు పోయేలా అరిచేవాడు. ఇంటికొచ్చి, సమ్మె ఇంకొన్నాళ్లు సాగితే బాగుండునని దొంగచాటుగా అనుకునేవాడు. సిగ్గుపడాల్సిన కోరికే, అయినా కోరుకున్నాడు.

బస్సుల్లేని బస్టాండ్ ముందు ఒక పక్క వంటావార్పు, ఇంకో పక్క చాపల మీద పిల్లలు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే రాధమ్మ మేడం ఖాదర్ చేసిన బొమ్మను పైకెత్తింది.

"చుట్టూ ఎనిమిది ఎలక్ట్రాన్లే, అంటే నాలుగు బంధాలేనని నిన్న చెప్పిన. మరి ఈ గంధకం ఆరు ఫ్లోరిన్లను పట్టుకున్నది. ఎట్ల?"

"ఆక్సిజన్ గిట్ల ఎందుకు పట్టుకోదు మేడం?" హుమేరా లేచి అడిగింది.

"అది చిన్నది బిడ్డా. ఆరుగురు సుట్టు నిలవడ్తె తోసుకుంటరు. గంధకం జర పెద్దది, జాగున్నది. పైగా ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లను తమ దిక్కు గుంజుకుంటయి. నడుమ అంత ఇరుకు కాదు. ఆ నియమం చిన్నవాటికే గట్టిగ నప్పుతది."

బొమ్మ చేతులు మారుతూ హుమేరా దగ్గరికి చేరింది. అప్పుడే వచ్చి ఆగింది అఫ్జల్ మోటారు సైకిల్.

"బాయి బందున్నది గద భాయ్, ఖాళీగనే ఉన్న. బండేస్కోని వచ్చిన," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఖాదర్, బస్సులు ఆగితే రాడనుకున్నాడు కానీ, బాయి ఆగితే తీరిక దొరుకుతుందని అతనికి తట్టనే లేదు.

"అఫ్జల్, జాగుంటే ఎక్కువమందిని పట్టుకోవచ్చునట. మేడం ఇప్పుడే చెప్పింది. పిల్లకు రెండిండ్లు ఉండొద్దా?"

"జాగ సంగతి గాదు భాయ్. నువ్వు ఒక్కనివి, పిల్ల ఎదిగింది. నీ మీద నాకు అనుమానం లేదు. లోకం నోరు మూయలేను."

ఖాదర్ తల దించుకున్నాడు. అఫ్జల్ మాటలో చెడు లేదు, అదే ఎక్కువ బాధపెట్టింది.

హుమేరా బొమ్మను చాప మీద పెట్టి, ఇంటికి పోయి సంచి సర్దుకొచ్చింది. బండెక్కేముందు ఖాదర్ దగ్గరికొచ్చి నిలబడింది. కుడిచెయ్యి ఎందుకో పిడికిలి బిగించి ఉంది.

"ఖాలూ, పొద్దుగాల బీపీ గోలీ మర్వకు."

"మర్వ బిడ్డా."

బండి మలుపు తిరిగింది. వంట దగ్గర ఎవరో ఖాదర్‌ను అన్నానికి పిలిచారు, అతను వినలేదు. పిల్లలు వెళ్లాక బొమ్మలను బిస్కెట్ల డబ్బాలో సర్దుతుంటే ఒక ఆకుపచ్చ ఉండ కనిపించలేదు. చాప దులిపాడు, మట్టిలో వెతికాడు. హుమేరా పిడికిలి గుర్తొచ్చి, వెతకడం మానేశాడు.

కొత్త ఉండ చేయడం అతనికి చిటికెలో పని. చేయలేదు. ఇంటికి తెచ్చి, హుమేరా పుస్తకాలుండే గూట్లో పెట్టాడు ఆ పసుపు గంధకాన్ని, ఐదు ఆకుపచ్చ ఉండలతో, చివర ఏమీ లేని ఒక చీపురుపుల్లతో.