పున్నయ్య కుడిచేతి నరం

నేను ఒక నరాల కణాన్ని. పున్నయ్య మెడ దగ్గర వెన్నుపాములో నా తల, కుడిచేతి కండలో నా తోక. కంటికి ఆననంత సన్నం. పుట్టినప్పుడు నేనూ దిగంబరినే. తర్వాత పక్కనున్న కణాలు జాలిపడి, కొవ్వు పొరలతో నాకు తొడుగు చుట్టాయి. దాన్నే మైలిన్ అంటారు.

పైన మెదడు నుంచి ఆజ్ఞ రాగానే నా గోడలో తలుపులు తెరుచుకుంటాయి. బయట ఉన్న ఉప్పులోని సోడియం లోపలికి ఎగబడుతుంది. ఆ తోపులాటే నా కరెంటు. తొడుగు ఉన్నచోట తలుపులు ఉండవు, మధ్యలో వదిలిన సందుల్లోనే ఉంటాయి. అందుకే కరెంటు సందు నుంచి సందుకు గంతులేస్తూ పోతుంది. రెప్పపాటు కూడా పట్టదు.

ఆ వేగం ఎంతో సామ్రాజ్యం చెంపను అడగాలి. ఆమె పున్నయ్య భార్య. మిల్లులో ఓనరు తిట్టినా, కూరలో కారం ఎక్కువైనా దెబ్బలు ఆమెకే. ఒకసారి పన్ను ఊడింది. ఒకసారి జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. ఎవరైనా అడిగితే, "ఏదో కోపంలో చేయి చేసుకున్నాలే" అనేవాడు. చేయి ఏం చేసుకుంది పాపం! ఆజ్ఞ పైవాడిది, మోత నాది. నాకు అసహ్యం వేసేది.

ఒక వానాకాలం పున్నయ్యకు విరేచనాలు పట్టుకున్నాయి. ఒంట్లోని తెల్లకణాల సైన్యం క్రిములను చంపింది. అంతటితో ఊరుకోలేదు. క్రిమి చొక్కా, నా తొడుగూ ఒకేలా కనిపించాయి కాబోలు, నా మీద పడింది. పొరపొరా చీల్చింది, పీక్కుతింది. నా కాపలావాళ్లే నన్ను చావగొట్టారు! ఆ తర్వాత ఏ ఆజ్ఞ వచ్చినా, తొడుగు చిరిగినచోట కరెంటు కారిపోయి దారిలోనే చచ్చేది. నా తోటి నరాలకూ అదే గతి పట్టి, పున్నయ్య కాళ్లూ చేతులూ పడిపోయాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక సామ్రాజ్యమే ముద్దలు పెట్టింది, ఒళ్లు తుడిచింది. డాక్టరు చెప్పినట్టు రోజూ అతని వేళ్లు వంచి సాచేది. పక్కింటి రత్తమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"నిన్ను చావబాదిన చేతికే చాకిరీ చేస్తన్నావేందే? అది మళ్లీ లెగిస్తే?"

"లెగవాలనే చేస్తన్నానక్కా. పడిపోయినోణ్ణి వదిలేసి పోయిందని నాకు మాట రాకూడదు. వాడి ముద్ద వాడు తినగలిగిన రోజున నేను పోతా."

నా తొడుగు మెల్లగా మళ్లీ అల్లుకుంది, మునుపటికన్నా పలచగా. పున్నయ్య గోడ పట్టుకుని నడిచాడు. చేయి మాత్రం లేవలేదు. మొదట ఏ ఆజ్ఞ వస్తుందోనని నాకు ఒకటే గుబులు.

ఒక మధ్యాహ్నం ఆమె అన్నం తినిపిస్తోంది. చారు చప్పగా ఉందట. ఆజ్ఞ దిగింది, గంతులేస్తూ. నేను ఆపలేను. చేయి లేచి ఆమె మూతి మీద పడింది. పెదవి చిట్లి నెత్తురొచ్చింది, కంచం ఎగిరిపడింది.

ఆమె ఏడవలేదు. కొంగుతో నెత్తురు తుడుచుకుంది. కంచం కడిగి, మళ్లీ అన్నం పెట్టి, చారు పోసి అతని ముందుంచింది.

"బానే లెగిసిందిగా చెయ్యి. ఇక నీ ముద్ద నువ్వే కలుపుకు తినయ్యా" అంది.

బట్టల సంచి తీసుకుని గడప దాటింది. పున్నయ్య బూతులు తిట్టాడు, బతిమాలాడు, మళ్లీ తిట్టాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

చాలాసేపటికి నాకు ఇంకో ఆజ్ఞ వచ్చింది. అన్నం కలపమని. మోశాను.