గురువారం సారు

"గడ్డం పైకెత్తండి. ఛాతీ పలకకి ఆనించండి. చేతులు నడుం మీద, భుజాలు ముందుకి. ఆఁ... గట్టిగా ఊపిరి పీల్చండి. బిగపట్టండి. కదలకండి."

అద్దం వెనక నుంచి మీట నొక్కాడు. యంత్రం ఒకసారి సన్నగా మూలిగి ఊరుకుంది.

"వదిలేయండి."

ఆ పొద్దుట అది పదకొండో ఛాతీ. ఇరవై ఏడేళ్ళుగా రోజుకి నలభై సార్లు అవే మాటలు. నిద్రలో కూడా అంటాడని భార్య చెబుతుంది. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఉలిక్కిపడి లేచి నిజంగానే ఊపిరి బిగపట్టేదట. "బిగపట్టమని అటు తిరిగి పడుకునేవారు. వదలమని చెప్పేవాళ్ళేరీ?" అని ఇప్పటికీ చుట్టాల్లో చెప్పి నవ్విస్తుంది. ఆ నవ్వుల్లో అతనూ కలుస్తాడు.

ఎక్స్‌రే గది ఆసుపత్రి నేలమాళిగలో ఉంది. గోడల్లో సీసపు రేకు, తలుపుమీద ఎర్ర బల్బు, కిటికీ మాత్రం లేదు. బయట ఎండో వానో లోపలికొచ్చేవాళ్ళ చెప్పులు చూసి తెలుసుకోవాలి. సీసం పొదిగిన బరువైన ఆప్రాన్ ఏళ్ళ తరబడి మోసి అతని ఎడమ భుజం కాస్త కిందికి జారింది. జేబుకి ఎప్పుడూ ఒక బ్యాడ్జి ఉంటుంది. ఒంట్లోకి ఎంత కిరణం దిగిందో చూడడానికి మూడు నెలలకోసారి దాన్ని పరీక్షకి పంపిస్తారు. ప్రతిసారీ 'చెప్పుకోదగ్గదేమీ లేదు' అని చీటీ వస్తుంది. అతను దాన్ని చదివి, మడిచి, పాత చీటీల మీద పెడతాడు.

మొహాలు అతనికి గుర్తుండవు. కూరగాయల బజారులో ఎవరో ఆపి ఆప్యాయంగా పలకరిస్తారు. తెల్లమొహం వేసుకుని తలూపుతాడు. వాళ్ళు అటు తిరిగి నాలుగడుగులు వేశాక గానీ వెలగదు. 'ఓహో, కుడి తుంటి విరిగినాయన!' ఇన్నేళ్ళలో తీసిన ఫొటోలు మూడు లక్షల పైమాటే. ఒక్కదాంట్లోనూ మొహం లేదు. తీయించుకున్నవాళ్ళు కవరు చంకలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెడతారు తప్ప, ఎలా వచ్చిందని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

మూడేళ్ళ క్రితం మరదలి కూతురి పెళ్ళిలో ఫొటోగ్రాఫరు, బ్యాటరీ తెచ్చుకోవడానికి వెళుతూ, తన కెమెరా అతని చేతిలో పెట్టాడు. అతను ఊరికే కన్ను ఆనించి చూశాడు. పందిట్లో మూలన కూర్చున్న ఒక ముసలావిడ దేనికో పగలబడి నవ్వుతోంది. చిన్న చీకటి పెట్టెలో ఆ మొహం ఒక్కటే వెలుగుతోంది. వేలు మీట మీదే ఉంది. పరాయి వస్తువు కదా అని నొక్కలేదు. ఫొటోగ్రాఫరు వచ్చి తీసుకునేలోపు ఆవిడ నవ్వడం అయిపోయింది.

అప్పట్నుంచి ప్రతి గురువారం కెమెరాల షాపుకి వెళ్ళి రావడం మొదలైంది. ఆ రోజు ఎముకల డాక్టరు ఉండరు. జనం పలచగా ఉంటారు కాబట్టి భోజనాల వేళ ఓ అరగంట అదనంగా దొరుకుతుంది. నేర్చుకునేవాళ్ళకి పనికొచ్చే కెమెరాలు రెండు తేలాయి. ఒకటి తేలిక, ఒకటి బరువు. తేలికదాన్ని పట్టుకుంటే చిటికెనవేలికి చోటుండదు, గాలిలో వేలాడుతుంది. బరువుది పిడికిట్లో ఇమిడిపోతుంది గానీ పావుగంటకే మణికట్టు లాగుతుంది. తేలికదాని వెనక తెర తలుపులా తెరుచుకుంటుంది. బరువుదాని తెర కదలదు గానీ బ్యాటరీ రెండో రోజుకి కూడా మిగులుతుంది. ఒకటి మనిషి చర్మాన్ని కాస్త ఎర్రగా చూపిస్తే రెండోది కాస్త పసుపుగా చూపిస్తుంది. దూరం దగ్గర చేసే రింగు ఒకదానికి కుడికి తిరిగితే రెండోదానికి ఎడమకి తిరుగుతుంది. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో, మధ్యలో నిలువుగీత కొట్టి, అటొకటి ఇటొకటి రాసుకున్నాడు. అది నిండితే ఇంకోటి కొన్నాడు.

"ఏదో ఒకటి తెచ్చెయ్యకూడదూ!" అంటుంది భార్య. "నన్ను చూడ్డానికొచ్చినప్పుడు పది నిమిషాల్లో తేల్చేశారు కదా!"

"అప్పుడు రెండోది లేదుగా" అన్నాడొకసారి. వారం రోజులు ఆ ఇంట్లో అన్నం గిన్నె చప్పుడు చేస్తూనే కిందికి దిగింది.

కొనలేక కాదు. కొంటే రెండోది పోతుంది. అంతకన్నా లోపలి మాట ఇంకొకటుంది, అది ఏ నోటుపుస్తకంలోనూ లేదు. కొన్నాక దాన్ని పట్టుకుని ఎక్కడికో వెళ్ళాలి. ఇల్లు, బస్సు, నేలమాళిగ, బస్సు, ఇల్లు. ఎక్కడికెళ్ళాలో అతనికి తెలియదు.

"పన్నెండు!" అని పిలిచాడు.

తలుపు తోసుకుని ఒక బక్కపలచటి మనిషి వచ్చాడు. చొక్కా కాలరు మెడకి వదులై, ఇద్దరి మెడలకి సరిపోయేలా ఉంది. గుమ్మంలోనే ఆగిపోయి నోరు తెరిచాడు.

"సార్! మీరిక్కడా! నేను మిమ్మల్ని బ్యాంకులో ఏమో అనుకుంటున్నా ఇన్నాళ్ళూ!"

మొహం పోల్చుకోవడానికి అతనికి రెండు క్షణాలు పట్టింది. గాజు బల్ల వెనక కాకుండా ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు. కెమెరాల షాపు కౌంటరాయన. మూడేళ్ళుగా విసుక్కోకుండా రెండు కెమెరాలూ తీసి బల్లమీద పెట్టే మనిషి. షాపులో అతనికి 'గురువారం సారు' అని పేరు పెట్టింది కూడా ఈయనే. ఇద్దరూ ఒకరి పేరొకరు అడగలేదు. ఇప్పుడు డాక్టరు చీటీ మీద ఆ పేరుంది. ఏదో చాటుగా చదివినట్టై చటుక్కున చీటీ తిప్పి పెట్టాడు.

"ఏమైంది?"

"ఏముంది సార్, రెండు నెలల్నుంచీ దగ్గు. మందు షాపువాడు ఇచ్చినవన్నీ మింగా. ఇక మా ఆవిడ ఊరుకోలేదు."

చొక్కా విప్పించి, పలక ముందు నిలబెట్టి, భుజాలు పట్టుకుని ముందుకి వంచాడు. ఎముకలు చేతికి తగిలాయి. "ఊపిరి పీల్చండి" అంటే కౌంటరాయన పీల్చబోయి దగ్గాడు. మళ్ళీ పీల్చి, దగ్గాడు. మూడోసారికి బిగపట్టగలిగాడు.

తెరమీద బొమ్మ వచ్చింది. కుడివైపు, పైన, కాలరెముక కింద, తెల్లగా నిమ్మకాయంత. అంచులు నున్నగా లేవు, దారాలు లాగినట్టు చుట్టూ పీచులు పీచులుగా ఉన్నాయి. ఇలాంటిది ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. చూసి, నంబరు వేసి, పైకి పంపడమే. బొమ్మ తీయడం వరకే తన పని. అందులో ఏముందో చదవాల్సింది వేరే డాక్టరు, చెప్పాల్సింది ఇంకో డాక్టరు. చదివే డాక్టరు సోమవారం దాకా సెలవు.

కౌంటరాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అద్దం దగ్గరికి వచ్చాడు.

"ఎలా వచ్చింది సార్ ఫొటో?"

ఇరవై ఏడేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. అతను తెరకి అడ్డంగా జరిగాడు.

"క్లియర్‌గా వచ్చింది. రిపోర్టు సోమవారం ఇస్తారు."

"మీ చెయ్యి కదా, రాక చస్తుందా!" అని నవ్వాడు కౌంటరాయన. "ఇవాళ గురువారం. వస్తారుగా? నేనెళ్ళి దుమ్ము తుడిచి ఉంచుతా."

ఆ తరవాత తీసినవాటిలో రెండు ఫొటోలు కదిలిపోయాయి. కదిలింది మనుషులు కాదు. వాళ్ళింకా సర్దుకోకముందే అతను మీట నొక్కేశాడు. ఒంటిగంటకి ఆప్రాన్ కొక్కేనికి తగిలించి, టిఫిను డబ్బా విప్పకుండానే మెట్లెక్కాడు.

షాపు ఆ వీధి చివర, నాలుగు రోడ్ల కూడలికి ఎదురుగా. గాజు బల్లమీద రెండు కెమెరాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఎప్పటిలాగే తేలికది ఎడమవైపు, బరువుది కుడివైపు.

"చూడండి సార్. ఇవాళ తేల్చేద్దాం."

అతను తేలికది అందుకున్నాడు. ఈ షాపులో ఏ కెమెరా పట్టినా ఎదురుగా కనిపించేవి రెండే: సిగ్నలు స్తంభం, ఆవలి పక్కన చెప్పుల షాపు బోర్డు. "ఇరవై రెండేళ్ళుగా నేను తీసినవన్నీ ఆ బోర్డు ఫొటోలే సార్. ఆ షాపువాడి కన్నా నేనే దాన్ని ఎక్కువ చూశా" అనేవాడు కౌంటరాయన. కొన్నవాళ్ళు కొండలకీ సముద్రాలకీ పట్టుకెళ్ళి, తెచ్చి చూపిస్తారట. ఆయన మాత్రం పొద్దున షట్టరు ఎత్తితే మళ్ళీ దించేదాకా ఆ బల్ల దాటడు. తనకంటూ ఒక కెమెరా కూడా లేదు. "మిఠాయి కొట్లో ఉండేవాడికి తీపి మొహం మొత్తినట్టు" అని నవ్వేసేవాడు.

ఇవాళ అతను కెమెరాని వీధివైపు తిప్పలేదు. బల్ల వెనకవైపు తిప్పాడు.

"నన్నెందుకు సార్!" అంటూనే కౌంటరాయన జుట్టు సవరించుకున్నాడు.

చీకటి పెట్టెలో ఆ మొహం వెలిగింది. కళ్ళకింద గుంటలు, గడ్డం మీద తెల్ల వెంట్రుకలు, సిగ్గుగా ఒక పక్కకి లాగిన నవ్వు. అంత దగ్గరగా, అంతసేపు ఒక మొహం వంక అతను ఎప్పుడూ చూడలేదు. రింగు తిప్పుతుంటే ఎటు తిప్పాలో గుర్తు రాలేదు. నొక్కాడు. కెమెరా దించి బల్లమీద పెట్టాడు.

"పదండి" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. ఊపిరితిత్తుల డాక్టరు రెండింటిదాకా ఉంటారు."

"రిపోర్టు సోమవారం అన్నారుగా?"

"సోమవారం దాకా వద్దు. ఇవాళే చూపిద్దాం."

కౌంటరాయన అతని మొహంలోకి చూశాడు. మూడేళ్ళుగా 'వచ్చే వారం చూద్దాం' తప్ప ఇంకో మాట ఎరగని మనిషి నోటి నుంచి 'ఇవాళే' అన్న మాట వినగానే, ఇక ఏమీ అడగనక్కర్లేకపోయింది. మూత తీసుకుని ఒక లెన్సుకి పెట్టాడు. రెండోదానికీ పెట్టి, షట్టరు తాళంచెవి అందుకున్నాడు.

"మా ఆవిడకి ఫోను చెయ్యనా?"

"ముందు పదండి. నేనున్నాగా."

అలా ఎందుకన్నాడో అతనికే తెలియదు. రోగులతో ఎప్పుడూ అనని మాట అది.

నేలమాళిగకి దిగి, తెరమీది బొమ్మని ఫిల్ము మీదికి తీసి, తనే పట్టుకుని రెండో అంతస్తు ఎక్కాడు. డాక్టరు దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, కౌంటరాయన్ని లోపలికి పిలిచి, ఇతన్ని గుమ్మం దగ్గరే ఆపాడు.

"రిపోర్టు లేకుండా ఫిల్ము పైకి ఎవరు తెమ్మన్నారయ్యా? రోగికేమైనా చెప్పావా?"

"చెప్పలేదండీ. తీసుకొచ్చానంతే."

"రేపు అందరూ ఇలాగే చేస్తే?"

సాయంత్రానికల్లా సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఇరవై ఏడేళ్ళలో అతని పేరుమీద వచ్చిన మొదటి కాగితం. ఇంటికి తీసుకెళ్ళి భార్యకి చూపిస్తే, ఆవిడ గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివింది.

"మీరేనా?" అంది. తిట్టు కాదు. కొత్తవాళ్ళని చూసినట్టు కాసేపు అతని వంక చూసి, కంచం పెట్టింది. ఆ పూట గిన్నె చప్పుడు చేయలేదు.

కాస్త ముందు రావాల్సింది అన్నారు డాక్టర్లు. అయినా మందులు ఎక్కించారు. ఆ తరవాత కౌంటరాయన రెండుసార్లు నేలమాళిగకి వచ్చాడు. మొదటిసారి నడిచి, రెండోసారి చక్రాల కుర్చీలో. రెండోసారి వచ్చినప్పుడు ఊపిరి బిగపట్టమని అతను అడగలేదు. అందినంత పీల్చమన్నాడు. ఆ బొమ్మ కొద్దిగా కదిలింది. అలాగే పంపాడు.

"తేల్చారా సార్?" అడిగాడు కౌంటరాయన, కుర్చీలోంచి.

"ఇంకా లేదు."

"మీరు తేల్చరు. నాకు తెలుసు." నవ్వబోయి దగ్గు ఆపుకున్నాడు. "రెండూ ఒకటే సార్. మొదటి రోజే చెప్పేవాణ్ణి. చెబితే మీరు మళ్ళీ రారేమోనని చెప్పలేదు."

నాలుగో నెలలో ఒక గురువారం అతను షాపుకి వెళ్ళేసరికి బల్ల వెనక ఒక అమ్మాయి ఉంది. అతన్ని చూసి, ఏం కావాలని అడక్కుండానే వంగి, రెండు కెమెరాలూ తీసి బల్లమీద పెట్టింది. తేలికది ఎడమవైపు, బరువుది కుడివైపు.

"గురువారం సారంటే మీరే కదండీ? వస్తే ఏమీ అడగొద్దు, రెండూ పెట్టమని చెప్పారు." ఆ అమ్మాయి గొంతు తగ్గింది. "మొన్న మంగళవారం పోయారండీ ఆయన. మీకు కబురు అందలేదా?"

"లేదమ్మా" అన్నాడు.

ఎదురుగా సిగ్నలు పడింది. బళ్ళు ఆగాయి, కదిలాయి. అతను రెండు కెమెరాల వంకా చూశాడు. కుడిచేతికి దగ్గరగా ఉన్నదాని మీద చెయ్యి వేశాడు.

"ఇది ఇవ్వమ్మా."

"ఒకసారి పట్టుకుని చూసుకోరా సార్?"

"చూశాను."

కొత్తది తేవడానికి ఆ అమ్మాయి పైగదికి వెళ్ళింది. వచ్చే గురువారం భోజనాల వేళ ఏం చెయ్యాలో, ఆ పెట్టె పట్టుకుని ఏ దిక్కుకి నడవాలో తోచక, అతను గాజు బల్లమీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. బల్ల వెనక, గోడ మేకుకి, పాత బూడిదరంగు స్వెట్టరొకటి వేలాడుతోంది. మోచేతుల దగ్గర దాని చేతులు ఇంకా కాస్త వంగే ఉన్నాయి.