ఏడుపు మొహానికి క్లిప్పు

బడి నుంచి ఫోను వచ్చేసరికి అతను కొట్లో ఎవరిదో తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాడు. బొటనవేలు ఇస్త్రీపెట్టె అంచుకు ఆనింది. చర్మం తెల్లబడింది. దాన్ని ఓసారి చూసి, చొక్కా మడత పూర్తిచేసి, కొట్టు మూశాడు.

భార్య పోయినప్పటి నుంచి అంతే. టీ వేడిగా ఉందో చల్లారిందో తాగాక కూడా తెలియదు. ఇంట్లో ముగ్గురే: అతను, తల్లి, ఒకటో తరగతి కూతురు పిచ్చుక. పోయినామె మాట ఎవరూ ఎత్తరు. తల్లి మాత్రం ఈ మధ్య ఏ కూర వండినా సగం ఉల్లిపాయలే వేస్తోంది. అదేమని ఎవరూ అడగలేదు.

టీచరమ్మ అతన్ని పిల్లల బెంచీ మీదే కూర్చోబెట్టింది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఎదురుగా గోడకు ఒక అట్ట, దాని మీద నాలుగు మొహాలు: నవ్వేది, ఏడ్చేది, కోపంగా చూసేది, నిద్రపోయేది. పొద్దున్నే ఎవరి మనసు ఎలా ఉంటే ఆ మొహానికి వాళ్ళ బట్టల క్లిప్పు పెట్టుకోవాలి. ఏడుపు మొహానికి పెట్టినవాళ్ళ పక్కన టీచరమ్మ కాసేపు కూర్చుంటుంది. ఏమీ అడగదు.

"మీ అమ్మాయిది ఎప్పుడూ నవ్వు మొహానికే ఉంటుందండి. సరే, తొందరెందుకులే అని ఊరుకున్నా. ఇప్పుడు మిగతా పిల్లలవి కూడా మార్చేస్తోంది. నేనిటు తిరిగి అటు చూసేలోపు ఏడుపు మొహం ఖాళీ."

మూలన నిలబడ్డ తోటి పిల్లాడు, గుండుగాడు, ముక్కు ఎగబీల్చాడు. వాడి కుక్కపిల్ల తప్పిపోయిందట.

"అది నా ఏడుపు టీచర్! నేనే పెట్టుకున్నా! నా ఏడుపు నాకిచ్చెయ్యమనండి!"

ఇవ్వనన్నందుకు కొరికాడు. పిచ్చుక ముంజేతి మీద పళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి. ఆ పిల్ల కళ్ళల్లో మాత్రం చుక్క లేదు.

"ఎందుకు తీశావమ్మా?" అన్నాడతను.

"నువ్వే చెప్పావుగా."

"నేనా?"

"ఆసుపత్రిలో. నానమ్మకి గుండె బాలేదు, ఎవరూ ఏడవకూడదు, ఏడిస్తే నానమ్మ కూడా పోతుంది అన్లా?" గొంతు తగ్గించింది. "వీడికీ నానమ్మ ఉంది నాన్నా. ఈ గుండుగాడికి ఏం తెలీదు."

అన్నాడు. వార్డు బయట, ఎవరో సంతకం అడుగుతుంటే, పిల్ల గొంతెత్తబోతుంటే అన్నాడు. అని మరిచిపోయాడు. పిల్ల మరవలేదు.

టీచరమ్మ ఇంకో క్లిప్పు తీసి అతని చేతిలో పెట్టింది. "మీదీ పెట్టండి."

చెయ్యి దానంతటదే నవ్వు మొహం వైపు పోయింది. కొట్టుకొచ్చే ప్రతివాళ్ళకీ 'బాగున్నామండీ' అంటూ చొక్కాలందించే చెయ్యి అది. పిచ్చుక చూస్తోంది. అతను చెయ్యి మళ్ళించి ఏడుపు మొహానికి పెట్టాడు.

పిచ్చుక ఒక్క ఉదుటున వచ్చి పీకేసి నవ్వు మొహానికి పెట్టింది. అతను తీసి మళ్ళీ ఇటు పెట్టాడు.

"నాన్నా! నానమ్మ!"

"ఏడిస్తే మనుషులు పోరమ్మా. నేను తప్పు చెప్పాను."

"ఒట్టు?"

"ఒట్టు."

పిల్ల అతని మొహంలోకి తొంగిచూసింది. "మరి నీళ్ళేవీ? ఏడవట్లేదుగా నువ్వు?"

"రావట్లేదు తల్లీ."

పిచ్చుక గుండుగాడి క్లిప్పు తీసి ఏడుపు మొహానికి పెట్టింది. వాడు దాన్ని సర్దుకున్నాడు. పిచ్చుక తనది మాత్రం ముట్టుకోలేదు.

"నాది రేపు చూద్దాం," అంది.

ఇంటికొచ్చేసరికి తల్లి గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని ఉంది. పక్కన ఉల్లిపాయల గుట్ట.

"ఏమంటార్రా బళ్ళో?"

"ఏం లేదమ్మా, అంతా బా..." పిచ్చుక అతని వేలు పట్టుకుని ఉంది. ఆగాడు. "ఇది ఏడవట్లేదు. నీకేమన్నా అవుతుందని. నేనే చెప్పాను అలాగని."

తల్లి చేతిలో ఉల్లిపాయ పక్కన పెట్టింది.

"నాకు జబ్బు గుండెకిరా, కళ్ళకి కాదు. మీరిద్దరూ నవ్వుతూ తిరుగుతుంటే నేనొక్కదాన్నీ ఏడిస్తే ఏం బాగుంటుందని, పొద్దస్తమానం ఈ ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నా."

పిచ్చుక ఆమె మొహాన్నే చూసింది. చేతిలో ఉల్లిపాయ లేదు. అయినా నీళ్ళు కారుతున్నాయి. నానమ్మ అలాగే ఉంది, ఊపిరి తీసుకుంటోంది. పిల్ల దగ్గరికెళ్ళి ఆమె ఛాతీ మీద చెవి ఆనించి విన్నది. చాలాసేపు విని, అప్పుడు, "అమ్మేదీ?" అని ఏడుపు మొదలుపెట్టింది. వీధి చివరిదాకా వినపడేలా.

అతను కత్తిపీట తన వైపు తిప్పుకున్నాడు. ముగ్గురికీ అన్నం వేళయింది మరి. ఒక ఉల్లిపాయ తరిగాడు, ఇంకొకటి తరిగాడు. కళ్ళు పొడిగానే ఉన్నాయి. రసం బొటనవేలి మీద తెల్లబడ్డ చోటికి కారింది. చురుక్కుమంది. వేలు పైకెత్తి చూసుకున్నాడు.

"అమ్మా, కాలిందే," అన్నాడు.