పెరిగే కిటికీకి కర్టెన్

ఆ సముద్రం పక్క హోటల్లో పొద్దున్నే మొదటి పని కిటికీలు కొలవడం. గదులు తుడిచే ఆవిడ ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో కర్ర స్కేలు పట్టుకుని గదిగదికీ వెళ్లి, "ఇది పావంగుళం. ఇది అర. ఇదేంటమ్మా, దీనికేం మేపారు, అంగుళం పెరిగింది!" అనుకుంటూ ముంజేతి మీద పెన్నుతో రాసుకునేది. గోడ మీద గీత గీస్తే హోటల్ డిజైనర్ ప్రాణం తీస్తాడు మరి.

గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గాజు గ్లాసు. అంతే. అడ్డం వచ్చే సామాను లేకపోతే కిటికీ ఏం చేస్తుంది, సముద్రం కేసి కిందకి పెరుగుతుంది. అందులో వింతేముంది? వింతల్లా, దానికి సరిపడా కర్టెన్ కుట్టే మొనగాడు ఇంతవరకూ దొరక్కపోవడమే. పేరుమోసిన కర్టెన్లవాళ్లు ఇద్దరు వచ్చారు, కొలిచారు, కుట్టారు. నెల తిరక్కుండా కర్టెన్లన్నీ పొట్టి లాగుల్లా పైకి తేలాయి. పోనీ కాస్త కిందకి వేలాడేద్దామంటే డిజైనర్ ఒప్పుకోడు. కర్టెన్ అంచూ కిటికీ అంచూ ఒకే గీత మీద ఉండాలి. పోగు పెరగకూడదు, పోగు తగ్గకూడదు.

మూడోసారి ఆ పని టేపక్క చేతికొచ్చింది.

మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది కాబట్టి టేపక్క. ఇరవై రెండేళ్లుగా అన్నగారి షాపు వెనక గదిలో స్కూలు పిల్లల యూనిఫాంలు కుడుతోంది. బోర్డు మీద పేరు అన్నది, గుడ్డ మీద చెయ్యి ఈవిడది. సొంతంగా పెట్టుకుంటానని నోరు తెరిచిన ప్రతిసారీ అన్న నవ్వి ఊరుకునేవాడు. ఈసారి మాత్రం, "సరే, వెళ్లు. ఒక గదికి కుట్టి మెప్పిస్తే హోటలంతా నీకే ఇస్తారట. మెప్పించలేకపోయావో, ఇంక ఈ జన్మలో ఆ మాటెత్తకు," అన్నాడు. తోడుగా తన భార్యని పంపాడు. షాపులో గుండీలూ కాజాలూ ఆ వదినవే.

రెండు రోజులు ఆ గదిలోనే ఉండి కుట్టాలి. తలుపు తియ్యగానే ఎదురుగా సముద్రం, మధ్యలో ఏమీ లేదు! టేపక్క చెప్పులు విడిచి, నలభై మూడేళ్ల మనిషి, మంచమెక్కి గెంతింది. వదిన గోడలు తడిమింది.

"బీరువా ఏదే? అద్దమేది? కనీసం ఒక మేకైనా లేదు! నా చీర ఎక్కడ తగిలించను, నీ మెడకా?"

"గోడలోనే ఉంటుందట వదినా. నొక్కితే వస్తుందట."

వదిన గోడంతా నొక్కింది. దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది, ఎక్కడో పాట మొదలైంది. బీరువా మాత్రం రాలేదు.

"మీ అన్నయ్య బుర్రలో కూడా ఇంతకంటే సామానుంటుంది," అంది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

మర్నాడు మధ్యాహ్నానికి కర్టెన్ వేలాడింది. డిజైనర్ వచ్చాడు. నలగని తెల్లచొక్కా, నవ్వని మొహం. అంచు మీద వేలు పెట్టి ఈ చివర్నించి ఆ చివరికి రాశాడు.

"ఇక్కడేంటి, మందంగా ఉంది?"

టేపక్క తిప్పి చూసి నాలిక కరుచుకుంది. లోపల ఆరంగుళాల మడత! ఎదిగే పిల్లల గౌన్లకి, వచ్చే ఏడు విప్పుకోవచ్చని వదిలే మడత. తను అనుకుని పెట్టలేదు. ఇరవై రెండేళ్ల చెయ్యి దానంతటదే మడిచి కచ్చా కుట్టు వేసేసింది.

"కనపడని గుడ్డ కూడా ఎక్కువ గుడ్డే," అన్నాడు డిజైనర్. "రేపు పదకొండింటికి యజమానురాలు వస్తారు. ఈలోగా కోసెయ్యండి."

అతను వెళ్లగానే వదిన కత్తెర తెచ్చి చేతిలో పెట్టింది. "కోసెయ్యవే. ఆరంగుళాల గుడ్డ కోసం మళ్లీ ఆ వెనక గదిలో కూర్చుంటావా?"

టేపక్క కత్తెరతో కిటికీ ముందు కూర్చుంది. ఇందాక తను సరిగ్గా కలిపిన అంచు కింద అప్పుడే వెంట్రుకవాసి వెలుతురు. ఎన్ని వేలమంది పిల్లల్ని కొలవలేదు తను! కొలిచేటప్పుడు మునివేళ్ల మీద లేచే గడుగ్గాయిల్ని ఎంతమందిని చూడలేదు!

"కొయ్యను వదినా. ఆయన దీన్ని గోడనుకుంటున్నాడు. ఇది పిల్ల."

"పిల్లో పిశాచమో, రేపు పోయేది నీ షాపు."

"పోతే పోనీ. తప్పని తెలిసీ పొట్టిగౌను తొడగలేను."

మర్నాడు పదకొండింటికి యజమానురాలు వచ్చింది. డిజైనర్ అంచు తడిమి ఎర్రబడ్డాడు.

"కొయ్యలేదే! నేను చెప్పింది అర్థం కాలేదా?"

"అర్థమైంది కాబట్టే కొయ్యలేదు."

"చూశారా మేడమ్, పిల్లల బట్టలు కుట్టేవాళ్లని పిలిస్తే ఇలాగే ఉంటుంది."

యజమానురాలు పెదవి విరిచింది. ఆవిడ నోట్లో 'వద్దులెండి' అనే మాట తయారవుతుండగా, తీరానికి బాగా దగ్గరగా ఓ తెల్లటి ఓడ కూత పెట్టుకుంటూ వచ్చింది. అందరూ అటు తిరిగారు. కిటికీకీ చూడాలనిపించింది. ఓడ అడుగుదాకా చూడాలని ఒక్క ఊపున అయిదంగుళాలు కిందకి దిగింది. కర్టెన్ అంచు కింద సముద్రం పట్టీలా ధగధగలాడింది. డిజైనర్ కళ్లు మూసుకున్నాడు.

టేపక్క మోకాళ్ల మీద కూలబడి, కచ్చా కుట్టు కొస వెతికి పట్టుకుని లాగింది. సర్రుమని ఈ చివర్నించి ఆ చివరికి దారం మొత్తం ఊడొచ్చింది. మడత విడిచి గుడ్డ జారింది. మిగిలిన అంగుళాన్ని లోపలికి తోసి, కొంగున పెట్టుకున్న గుండుసూదులు తీసి గుచ్చింది. అంచుకి అంచు!

"ఆ అంగుళం..." అన్నాడు డిజైనర్, అంచుకేసి వేలు చూపిస్తూ.

"వచ్చే వారానికండీ."

యజమానురాలు పకపకా నవ్వింది. "నలభై రెండు గదులు. రేపే మొదలుపెడతారా?"

టేపక్క తలూపింది. వదిన తలూపి ఊరుకుంటుందా? అప్పటికే ఫోను చెవిన పెట్టింది.

"ఏవండీ, హోటలంతా మీ చెల్లెలికిచ్చేశారు. ఇంక షాపుకి రాదు. ఆఁ? నేనా? నేనెలా వస్తాను, నలభై రెండు గదులకి రింగులెవరు కుడతారు? గుండీలా? మీరే కుట్టుకోండి. సూది ఎడమ సొరుగులో ఉంది. కళ్లజోడు మీ నెత్తి మీదే ఉంటుంది, వెతక్కండి."