పైడి తిట్టలేదు

గంట కొట్టినవాళ్లారా, ఈ నేరం మీది! అరగంటలో యాభై నోళ్లు నింపి, యాభై పళ్లాలు ఖాళీ చేసి చూపించమన్నది మీరు. పిల్ల ముక్కు నొక్కిన చెయ్యి మాత్రం అప్పాయమ్మది.

బెంగాల్లో ఎర్రజెండా సర్కారుకి అది తొమ్మిదో ఏడు. ఏక్‌బాల్‌పూర్ సఫాయి బస్తీలో మన తెలుగు తల్లులు చీపుళ్లు పట్టుకుని వీధుల మీదకి పోతే, పిల్లల కేంద్రంలో వాళ్ల బిడ్డలకి కిచిడీ పెట్టేది ఇద్దరే ఇద్దరు. మనమ్మాయి అప్పాయమ్మ, బెంగాలీ మాలతి. పదింటికి సూపర్‌వైజర్ దిది గంట కొడుతుంది. అప్పటికి ఏ పళ్లెంలో మెతుకున్నా పని ఊడినట్టే.

ఆ రోజు రెండేళ్ల పైడి నాలుగో ముద్దకే మొహం తిప్పేసింది.

"సాలు" అంది.

దిది చెవికి అది 'శాలా' అని వినబడింది. బెంగాలీలో అది బూతు.

"చూశావా! ఊడ్చేవాళ్ల పిల్ల, పళ్లు రాకముందే తిట్లు. ముద్ద పెట్టి నోరు మూయించు!"

అది 'చాలు' అని ఆ గదిలో పెద్దవాళ్లలో తెలిసింది అప్పాయమ్మ ఒక్కతికే. ఆవిడ నోరు విప్పలేదు. గంట వైపు చూసింది. పైడి ముక్కు నొక్కింది. తెరుచుకున్న నోట్లో ముద్ద కుక్కింది. పిల్లకి పొలమారి కళ్లు తేలేసింది. వీపు చరిస్తేగానీ ఊపిరి తిరగలేదు.

అప్పట్నుంచి చెయ్యి దగ్గరికొస్తే చాలు, పైడి పళ్లు బిగించేస్తోంది. తల్లి చెయ్యయినా అంతే.

మూడోనాడు కుళాయి దగ్గర తల్లి గురవమ్మ అడ్డగించింది.

"ఓలె అప్పాయమ్మా! నా గుంట సిక్కి సగమైపోనాది. ఏటి సేసినావే?"

'దిదికి తెలుగు రాదు' అని తప్పించుకోవచ్చు. అప్పాయమ్మ బిందె కింద పెట్టింది.

"సాలన్నాదే. నాకినబడింది. అయినా కుక్కినాను. కొట్టు నన్ను."

గురవమ్మ ఎత్తిన చెయ్యి దించేసింది. "నిన్ను కొడితే నా గుంట తింటాదేటి?"

ఆదివారం బస్తీ అంతా కూడింది. యూనియన్ కోదండం లేచాడు. "మన సర్కారే గదా. మనమే గొడవ సేత్తే ఎలాగ? అర్జీ పెడదాం."

"అలగైతే రేపు నువ్వొచ్చి తినిపించు బాబూ, అరగంటలో యాభైమందికి" అంది ముసలి సన్యాసమ్మ. "నీ పంచకి కిచిడీ అంటకపోతే అప్పుడు పెడదాం అర్జీ."

అందరూ గొల్లున నవ్వారు. మాలతి మాత్రం నవ్వలేదు.

"నాకా మాట తెలీదక్కా" అంది అప్పాయమ్మతో. "ఒక్కసారి చెప్పుంటే నేనే ఆపేదాన్ని."

గురవమ్మ కొట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

"నాకు కుక్కడం నేర్పినారు" అంది అప్పాయమ్మ. "ఆగడం ఎవులూ నేర్పనేదు. నానూ అడగనేదు."

సోమవారం వీధులు ఊడ్వలేదు. ఇరవైమంది తల్లులు చీపుళ్లతో కేంద్రంలోకొచ్చి పిల్లల పక్కన కూర్చున్నారు. అప్పాయమ్మ పైడి ముందు పళ్లెం పెట్టి, రెండు చేతులూ ఒళ్లో ముడుచుకుంది. గంట మోగింది. ఎవరూ కదల్లేదు. పైడి ఆ చేతులకేసే చూసింది, చాలాసేపు. తర్వాత కిచిడీలో వేలు ముంచి నాకింది. మళ్లీ ముంచింది. అయిదుసార్లు.

"సాలు."

అప్పాయమ్మ పళ్లెం తీసేసింది.

"సగం అలాగే ఉందే! తినిపించు, లేదా రేపట్నుంచి రావద్దు!" అంది దిది.

"సాలూ!" అంది మాలతి, బెంగాలీ యాసతో. వెనకనుంచి గురవమ్మ. ఆ వెనక ఇరవై చీపుళ్లు నేలకేసి కొడుతూ, "సాలు! సాలు!" తనని తిడుతున్నారో, ఏం చెబుతున్నారో దిదికి తెలియలేదు.

అప్పాయమ్మ అరవలేదు. ఆ మాట అరిచే హక్కు తనకింకా రాలేదనుకుంది. గంట కర్ర తీసి బొడ్లో దోపుకుని, మిగతా పిల్లల దగ్గరికి పోయింది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇదీ. పదిమంది పిల్లలకి ఒక మనిషిని ఇవ్వండి. తినిపించేవాళ్లకి పిల్ల మొహం చూడ్డం నేర్పండి, ఆగడం నేర్పండి. గంట పీకెయ్యండి. అప్పాయమ్మ మీద చెయ్యి పడితే ఏక్‌బాల్‌పూర్ చెత్త మీ గుమ్మాల్లోనే ఉంటుంది. పిల్ల సాలంటే సాలు. దిగిరండి!