ప్రమాదం లేని అడవి

తనిఖీ సారు ఫైలు తెరిచాడో లేదో, అడవి కాపలా ఆడవాళ్లకు పెద్దయిన వదిన కుర్చీ అంచుకు జరిగింది. అడవిని కాపాడేవాళ్లకు ఎక్కడో దూరదేశాల కంపెనీలు డబ్బిస్తాయట, తాము వదిలే పొగకు బదులుగా. పొగ వాళ్లది, చెట్లు మనవి. బాగానే ఉంది బేరం. సారు సరేనని రాసి ఆ డబ్బొస్తే ఆరుగురు కాపలా ఆడవాళ్లకూ జీతాలొస్తాయి. రాకపోతే సోమవారం నుంచి అందరూ ఇటుక బట్టీకి, అడవి గాలికి.

"పదేళ్లలో ఎన్ని చెట్లు పోయాయమ్మా?"

"ఒక్కటీ పోలేదు సార్," అంది వదిన గర్వంగా.

సారు ముఖం వాడిపోయింది. "అయితే మీ అడవికి ప్రమాదం లేదన్నమాట. పోయే అడవిని కాపాడితేనే మా డబ్బు. అవతలి కొండవాళ్లు సగం నరికేశారు, వాళ్లకు మంజూరైంది."

చోద్యం కాకపోతే, కుండలు పగలగొట్టిన కోడలికి నగలూ, ఒద్దికగా ఉన్న కోడలికి గంజీనా? వదిన నోరు తెరవబోయింది. అంతలో కిటికీ అవతల, అడవి వైపు నుంచి రంపం మిషను రొద వినిపించింది. కలప దొంగలు.

సారు కళ్లు మెరిశాయి. "అదృష్టవంతులమ్మా మీరు, ప్రమాదం దానంతటదే వచ్చింది. నేను ఫోటోలు తీస్తాను. ఓ ఇరవై చెట్లు పడనివ్వండి, కేసు గట్టిగా ఉంటుంది."

అబద్ధమెందుకు, వదిన ఒక్క క్షణం ఆగింది. ఆరు జీతాలు మరి. ఆ తర్వాత కాళ్లే ఆమె మాట వినలేదు. మెడలోని ఈల ఊదుతూ మెట్లు దిగి పరుగందుకుంది.

తనతోపాటే కాపలా కాసే ఆడపడుచు ఎదురొచ్చి పక్కనే పరుగెత్తింది. "ఎంతమందొచ్చారు వదినా?"

"ఎంతమందైతే మనకేంటి, ఊదు."

అన్ని వైపుల నుంచీ ఆరు ఈలలు మోగాయి. పెద్ద దండే చుట్టుముట్టిందనుకున్నారో ఏమో, దొంగలు నలుగురూ రంపం వదిలేసి కాలికి బుద్ధి చెప్పారు. ఒకడి చెప్పు అక్కడే ఉండిపోయింది. మానుకు రెండు వేళ్ల లోతు గాటు పడింది, చెట్టు మాత్రం నిలిచింది. ఆడవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. వదినకు ఇరవయ్యేళ్లు తగ్గినట్టనిపించింది.

సారు రొప్పుతూ వచ్చాడు. "ఎన్ని పడ్డాయి?"

"ఒక్కటీ పడలేదు సార్."

ఆయన నిట్టూర్చి, నిలబడే రాసుకుంటూ పైకి చదివాడు. "మా డబ్బు లేకుండానే ఆపగలిగారు కాబట్టి, సాయం అవసరం లేదు."

నవ్వులు ఆగిపోయాయి. వదిన మెడలోని ఈల తీసి ఆయన ఫైలు మీద పెట్టింది.

"సోమవారం అడవికి రండి సార్. మేం బట్టీలో ఉంటాం, ఫోటోలు బాగా వస్తాయి."